కాంట్రా, మెగామ్యాన్ పాటలు రాక్ బ్యాండ్ వాయిస్తే ఇంత స్పీడా?

హన్మకొండ_శీను
ది అడ్వాంటేజ్ అని ఒక అమెరికా బ్యాండ్. వాళ్ల 2004 ఆల్బమ్ పొద్దున్నుంచి మా షాపుల నడుస్తనే ఉంది. కాలిఫోర్నియాల నెవాడా సిటీ అనే చిన్న ఊరి పోరగాళ్లు. ఇద్దరు గిటార్, ఒకరు బేస్, ఒకరు డ్రమ్స్. పాడేటోడు లేడు. పాటలన్నీ పాత నింటెండో వీడియో గేములవే. కాంట్రా ఉంది, మెగామ్యాన్ ఉంది, మనం పేరు కూడా వినని గేములు బోలెడున్నయ్. బీప్ బీప్ చప్పుళ్లు లేవు, అంతా చేత్తో వాయించిందే. మస్తున్నది.

ఒక్కటే ఇబ్బంది. కాంట్రా వచ్చినప్పుడల్లా వెనకనుంచి ఎవరో తరుముతున్నట్టు ఉంటది. మేం చౌరస్తా వెనక గల్లీల గంటకు అయిదు రూపాయలిచ్చి ఆడిన కాంట్రా ఇంత ఉరుకులు పెట్టలే. బ్యాండోళ్లు జోష్ కోసం స్పీడ్ పెంచిన్రా? లేకుంటే నాకే వయసు మీద పడ్డదా? విన్నోళ్లు చెప్పున్రి.

ఊరికే_వచ్చిన
వయసే అన్నా. ఇంకేం డౌటు లేదు.

కాజీపేట_బేస్
శీనన్నా, వాళ్లు పెద్దగ పెంచలే. నేను ఎమ్యులేటర్ల (పాత గేములను కంప్యూటర్‌ల నడిపే ప్రోగ్రాం) అసలు గేము పెట్టి, తాళం కొట్టే మెట్రోనోమ్ పెట్టి చూసిన. దగ్గర్లనే ఉన్నరు. మేం కూడా ఆ ఆల్బమ్ చూసే నేర్చుకుంటున్నం, అందుకే నాకు నోటికొచ్చు.

వాళ్లు నలుగురే ఎందుకున్నరో తెలుసా? నింటెండోల సౌండ్ చేసే చానళ్లు అయిదు. ట్యూన్ మోగించే పల్స్ రెండు, కింది స్వరాల ట్రయాంగిల్ ఒకటి, గరగర చప్పుడు చేసే నాయిస్ ఒకటి, ఇంకోటి చిన్న చిన్న రికార్డింగు ముక్కలు (శాంపిళ్లు) మోగించేది. అయిదోది చానా గేముల్ల ఖాళీగనే ఉంటది. పల్స్ రెండూ రెండు గిటార్లకు పోయినయ్, ట్రయాంగిల్ బేస్‌కు, నాయిస్ డ్రమ్స్‌కు. రాక్ బ్యాండ్ లెక్క ఆ చిప్‌లనే ఉండె.

డ్రమ్స్ కొట్టేది స్పెన్సర్ సైమ్. హెల్లా అని ఇంకో బ్యాండ్ ఉంది, దాంట్ల ఆయన గిటారిస్టు. గిటార్ మీద అంత చెయ్యి తిరిగినోడు ఈడికొచ్చి డ్రమ్స్ ఎనక కూసున్నడు, చూడు.

సుబేదారి_అక్క
నేనూ విన్నాను. శీను గారు చెప్పింది నాకూ అనిపించింది. వయసు సంగతి పక్కన పెట్టండి, నేను పిల్లలకు వీణ చెప్తాను, నాకు కాలప్రమాణం తేడా వస్తే వెంటనే తెలుస్తుంది. మా అన్నయ్య, నేను ఆడిన కాంట్రా మొదటి స్టేజీ పాట నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. ఈ ఆల్బమ్‌లో ఉన్నది దానికన్నా వేగం, అందులో అనుమానం లేదు. విచిత్రం ఏంటంటే శ్రుతి మాత్రం అదే. వేగం పెంచితే శ్రుతి కూడా పెరగాలి కదా?

టీవీ_మెకానిక్_కరీంనగర్
అక్కా, శీనన్నా, మీ చెవులు సరిగ్గనే ఉన్నయ్. కాజీపేట తమ్ముడు చెప్పింది కూడా నిజమే. రెండూ ఎట్ల నిజమో జర ఓపిగ్గ చదవండి.

గేము లోపల పాట రికార్డు చేసి ఉండదు. ఏ నోటు, ఎంతసేపు, ఏ చానల్‌ల అని ఒక పట్టీ ఉంటది. మారియో మొదటి గేము మొత్తం 40 కిలోబైట్లు, బొమ్మలు, పాటలు, ప్రోగ్రాం అన్నీ కలిపి. దాంట్ల రికార్డింగు ఎక్కడ పడ్తది? తెర మీద బొమ్మ మారిన ప్రతిసారి ప్రోగ్రాం ఆ పట్టీల ఒక అడుగు ముందుకు జరుగుతది. అప్పట్ల జపాన్ల, అమెరికాల టీవీ బొమ్మ సెకనుకు 60 సార్లు మారేది. మనది పాల్ అనే టీవీ సిగ్నల్ పద్ధతి, 50 సార్లు. గేములు రాసినోళ్లు 60కి రాసిన్రు. మనకొచ్చినవి నింటెండోకు నకలు కొట్టిన తైవాన్ క్లోన్ మిషన్లు, అవి మన టీవీ కోసం 50కి దిగినయ్. పట్టీ అదే, అడుగులు తగ్గినయ్.

ఆరింట అయిదు వంతులన్నమాట. నిమిషం పాట మనకు నిమిషం పన్నెండు సెకన్లు నడిచింది. నిమిషానికి 150 బీట్ల మీద రాసిన పాట 125ల విన్నం. పాట ఒక్కటే కాదు, గేమే నెమ్మది. కాంట్రాల మనం అంత దూరం పోయినమంటే గొప్ప మనది కాదు, తూటాలే నిదానంగ వచ్చినయ్.

ఊరికే_వచ్చిన
ఏయ్. 30 లైఫుల కోడ్ కొట్టి కూడా మూడో స్టేజీ దాటనోళ్లం ఉన్నం ఇక్కడ. మమ్మల్ని ఇంకా కింద పడెయ్యకు.

కాజీపేట_బేస్
> పట్టీ అదే, అడుగులు తగ్గినయ్

మెకానిక్ అన్నా, మరి అక్క అడిగింది? టేపు స్లో చేస్తే గొంతు బొంగురు పోతది. శ్రుతి దిగాలి కదా.

టీవీ_మెకానిక్_కరీంనగర్
టేపుల రెండిటికీ మోటరు ఒక్కటే. ఈడ రెండు వేరే వేరే. శ్రుతి ప్రాసెసర్ గడియారాన్ని బట్టి ఉంటది, స్పీడ్ బొమ్మను బట్టి. అమెరికా మిషన్ గడియారం 1.79 మెగాహెర్ట్జ్. యూరప్‌ల నింటెండో కంపెనీ తానే అమ్మిన పాల్ మిషన్‌ల 1.66కి దించింది. అందుకే సర్దకుండ వదిలేసిన గేముల్ల అక్కడోళ్లకు స్పీడ్ పోయింది, శ్రుతి కూడా అర స్వరం పైనే దిగింది. మన క్లోన్లు చేసినోళ్లు గడియారం 1.77 దగ్గరనే ఉంచిన్రు. నకిలీ మాలు అంటం గని, ఈ ఒక్క విషయంల అసలు దానికన్నా నకిలీదే నయం.

ఇంకో మాట. ఆ క్లోన్లల్ల యూఎంసీ అనే తైవాన్ కంపెనీ చిప్పులు మస్తుగ వచ్చినయ్. వాటిల్ల పల్స్ చానల్‌కు ఉండే నాలుగు రకాల గొంతుల్ల రెండు తారుమారు. అల పైన ఉండే వంతు 25 శాతం ఉండాల్సిన చోట 50, 50 చోట 25. ఆల్బమ్ సంగతి వదిలెయ్, యూట్యూబ్‌ల అసలు గేము పాట విన్నా మీకు గొంతు తేడాగ ఉంటది.

సుబేదారి_అక్క
అదీ సంగతి! మా మిషన్‌లో మారియో పాట సన్నగా, ముక్కుతో పాడినట్టు ఉండేది. ఇప్పుడు వింటే బోలుగా, గుండ్రంగా ఉంటుంది. మా పాత టీవీ స్పీకరు వల్ల అనుకునేదాన్ని ఇన్నాళ్లూ.

అయితే ఒకటి అడుగుతాను. చౌకకాలంలో (నెమ్మదిగా) నేర్చుకున్న కృతిని ఎవరైనా ద్రుతంలో (వేగంగా) పాడితే తప్పు అనం, కానీ స్వభావం మారిందంటాం. కాంట్రా నాకు భయం పుట్టించే పాట. తొందర పెట్టే పాట కాదు. ఈ ఆల్బమ్‌లో భయం పోయి హుషారు మిగిలింది. పాట రాసినవాళ్ల ఉద్దేశం హుషారేనా?

గోదారిఖని_డ్రమ్స్
ఇంత దాంక చదివి నవ్వుకుంటున్న. నాకు ఆ ఆల్బమ్ ఏం స్పీడ్ అనిపించలే. సరిగ్గ మా ఇంట్ల విన్నట్టే ఉంది.

మాది సింగరేణి క్వార్టర్. మా మామ బొంబాయినుంచి తెచ్చిన మిషన్. బొమ్మ నలుపు తెలుపే వచ్చేది, పైకి దొర్లుకుంట పొయ్యేది. టీవీ పాతది కదా అనుకునేటోళ్లం. ఎనకాల ఒక చిన్న మర ఉంటుండె, చేత్తో తిప్పితే దొర్లుడు ఆగేది. మా తమ్ముడి పని అదే, నేను ఆడుతుంటె వాడు టీవీ ఎనక నిలబడి మర పట్టుకునేటోడు. వాని వంతు వచ్చినప్పుడు నేను పట్టుకోవాలె, నేను పట్టుకోకపోతుంటి.

టీవీ_మెకానిక్_కరీంనగర్
టీవీది తప్పు కాదు తమ్మీ. మీది ఎన్‌టీఎస్‌సీ మిషన్, అంటే జపాన్, అమెరికా టీవీ పద్ధతిది. 60 సార్లు పంపుతుంటె మన టీవీ 50 కోసం చూస్తది, అందుకే దొర్లుడు. మీరు తిప్పిన మర పేరు వర్టికల్ హోల్డ్, అది తిప్పితే ఆగుతది. రంగు పద్ధతి కలవదు కాబట్టి నలుపు తెలుపు. అట్లాంటి మిషన్లు కూడా మస్తుగ నా దగ్గరికి రిపేరుకొచ్చినయ్, రిపేరు చేసేందుకు ఏం ఉండదు దాంట్ల. మీకు రంగులు పోయినయ్ గని పాట అసలు స్పీడ్‌ల దొరికింది.

కాజీపేట_బేస్
ఇప్పుడు అర్థమైంది ఖని డ్రమ్మర్లు ఎందుకు ఉరుకుతరో. (మా డ్రమ్మర్ ఇతనే. ప్రాక్టీసుల నాకూ ఇతనికి రోజూ ఇదే లొల్లి. నేను ఎనక, ఇతను ముందు.)

సరే, దాచేదేం లేదు, చెప్పేస్త. మేం నలుగురం కూడా ఇట్లాంటిదే రికార్డు చేద్దామనుకుంటున్నం. మన దిక్కు పోరగాళ్లు ఆడిన గేములు మాత్రమే: కాంట్రా, మారియో, అడ్వెంచర్ ఐలాండ్, బాంబర్‌మ్యాన్. మెగామ్యాన్ మాకు పెద్దయినంక నెట్‌ల దొరికింది, అది పెట్టం. ట్యాంక్ గేము పెట్టాలని ఉంది గని దాంట్ల షురూల ఒక్క బిట్టే, తర్వాత అంతా ఇంజను చప్పుడు.

ప్రశ్న ఒక్కటే. ఏ స్పీడ్‌ల వాయించాలె?

మెట్‌పల్లి_ప్రోగ్
అసలు స్పీడ్‌లనే. ఇంకో మాట లేదు. ట్రిబ్యూట్ అంటే పాట రాసినోళ్లకు. అడ్వెంచర్ ఐలాండ్‌కు జూన్ చికుమా, మారియోకు కోజి కోండో. వాళ్లు రాసింది 60కి. మన టీవీ తప్పును వాళ్ల నెత్తిన రుద్దుతరా?

రాసినాయనే బ్యాండ్ పెట్టి వాయిస్తే ఎట్లుంటదో వినాలంటే ది బ్లాక్ మేజెస్ వినున్రి. ఫైనల్ ఫాంటసీ పాటలు రాసిన నోబువో ఉయెమత్సు బ్యాండ్ అది. 2003ల మొదటి ఆల్బమ్, అన్నీ యుద్ధం పాటలే. ఆయన కీబోర్డు ముందుంటడు, రెండు గిటార్లు ఉరుముతుంటయ్. 2010ల బ్యాండ్ అయిపోయింది. నా లెక్కల గేము పాటలతోని రాక్ అంటే అదే, ది అడ్వాంటేజ్ కాదు.

హన్మకొండ_శీను
మెట్‌పల్లి తమ్మీ, బ్లాక్ మేజెస్ విన్న, బాగనే ఉంది. కాని ఫైనల్ ఫాంటసీ మన క్యాసెట్లల్ల ఎక్కడిది? పెట్టె మీద 9999 గేములని రాసి ఉండేది, తెరిస్తే అవే పదో పదిహేనో తిరిగి తిరిగి వచ్చేవి, దాంట్ల అది లేదు. నాకు వాళ్లది మంచి రాక్ ఆల్బమ్, అంతే. కాంట్రా మంచు స్టేజీ వస్తే మాత్రం చేతులు వాటంతటవే కదుల్తయ్. మీట నొక్కీ నొక్కీ బొటనవేలికి కాయ కాసిన పాట అది.

అన్నట్టు మీ క్యాసెట్ల మంచు కురిసేదా? మా షాపుల ఒక క్యాసెట్ల కురిసేది, ఇంకోదాంట్ల కురవకపోయేది. దాని కోసం కొట్లాటలైనయ్.

టీవీ_మెకానిక్_కరీంనగర్
కురిసేది జపాన్ క్యాసెట్. దాంట్ల కోనామీ సొంత చిప్ ఒకటి అదనంగ ఉంటది, అందుకే మంచు పడ్తది, అడివిల చెట్ల ఆకులు ఊగుతయ్. అమెరికా క్యాసెట్ల ఆ చిప్ లేదు, అన్నీ కదలకుండ ఉంటయ్.

కాజీపేట_బేస్
మెట్‌పల్లి అన్నా, నీ మాట కొట్టిపారెయ్యలే. కాని వాయించేటోడి బాధ కూడా విను. అసలు స్పీడ్‌ల ఆ బేస్ లైన్ మనిషి వేళ్ల కోసం రాసింది కాదు. ట్రయాంగిల్ చానల్‌కు వాల్యూమ్ ఉండదు, మోగితే మోగుద్ది, లేకుంటే బంద్. అందుకే రాసినోళ్లు దానితోని మెల్లగ, గట్టిగ అనే తేడా చూపించలేక నోట్లను ఎగిరిచ్చిన్రు. కిందినుంచి ఒక స్థాయి పైకి, మళ్ల కిందికి, మధ్యల చిన్న చిన్న కోతలు. చిప్‌కు అలుపు లేదు. నాకు రెండో సుట్టుకే ముంజేయి పట్టేస్తది. గిటార్లకు ఇంకో తిప్పలు. పల్స్ చానల్ ఒక్కసారి ఒక్క నోటే మోగించగలదు, అందుకని కార్డ్ (కొన్ని నోట్లు ఒక్కసారే కలిసి మోగుడు) కావాల్సిన చోట మూడు నోట్లను గిరగిర తిప్పుతది, చెవి మోసపోయి కార్డ్ అనుకుంటది. మనం నిజం కార్డ్ కొడ్తే ఆ గిరగిర పోతది. కుడిచేత్తో ఫ్రెట్ల మీద తట్టి తిప్పుదామంటే మావోడికి 125ల వస్తది, 150ల తడబడ్తడు.

అక్క చెప్పిన భయం కూడా 125లనే ఉన్నది. ఇది నా చేతకానితనానికి సాకు కాదు. (కొంచెం సాకే.)

గోదారిఖని_డ్రమ్స్
సాకే.

జనగామ_డప్పు
మీరంతా గిటార్ల గురించే మాట్లాడుతున్నరు. నాయిస్ చానల్‌ను డ్రమ్ కిట్‌కు ఎందుకు ఇయ్యాలె? డప్పుకు ఇయ్యున్రి.

గోదారిఖని_డ్రమ్స్
వచ్చిండు. తెలంగాణ అనంగనే డప్పు పెట్టాల్నా అన్నా? సినిమా పాటల్ల పెట్టీ పెట్టీ అరగదీసిన్రు. కాంట్రాకు డప్పుకు ఏం సంబంధం?

జనగామ_డప్పు
సంబంధం నేను చెప్తలే, చప్పుడు చెప్తది. డప్పుకు రెండు పుల్లలుంటయ్. కుడిచేతిల సిర్ర, లావుది, దెబ్బ దానిది. ఎడమచేతిల సిటికెన పుల్ల, సన్నది, పొడుగుది, తోలు మీద ఆనిచ్చి కొడ్తరు. సిటికెన పుల్ల ఒక్కటే కొట్టి విను. "ట్స్ ట్స్" అని ఎండిన చప్పుడు, సాగదు, మోగిన కాడనే సస్తది. నీ నాయిస్ చానల్ హైహ్యాట్ (డ్రమ్ కిట్ల జంట తాళాల చప్పుడు) అచ్చం అదే. నీ కిట్ల ఉన్న సింబల్ మోగినంక ఎంతసేపు ఊగుతదో నీకే తెలుసు. ఆ గేముల్ల అట్ల ఊగే చప్పుడు ఎక్కడన్న ఉన్నదా?

గోదారిఖని_డ్రమ్స్
...దాంట్ల కొంచెం పాయింట్ ఉన్నది. హైహ్యాట్ గట్టిగ మూసి కొట్టినా ఆ ఎండిన చప్పుడు రాదు, చేత్తో పట్టుకొని కొడ్తున్న ఇప్పుడు. కాని స్టూడియోల డప్పుతోని కష్టం అన్నా. ఏసీ గదిల తోలు లూజైతది. మంట పెట్టి కాపుకుంటా అంటే స్టూడియో ఓనర్ మనల్నే కాపుతడు.

జనగామ_డప్పు
ఫైబర్ డప్పులు వస్తున్నయ్ గదా. శ్రుతి మారదు. పాతోళ్లకు నచ్చది, నాకూ నచ్చది, సిటికెన పుల్ల వరకైతే సరిపోతది. సిర్ర నువ్వు నీ కిక్ డ్రమ్‌ల చూసుకో.

సుబేదారి_అక్క
ఈ సంభాషణ నాకు బాగా నచ్చింది. ఒక్క మాట కలుపుతాను. జెల్డా గేముకు కోండో మొదట రావెల్ బొలేరో వాడదామనుకున్నారు. కాపీరైట్ ఇంకా తీరలేదని తెలిసి, సొంతంగా ట్యూన్ రాశారు. మన బ్యాండ్ వాళ్లు కాపీరైట్ సంగతి చూసుకున్నారా?

వకీల్_పరకాల
ఆ మాట కోసమే ఎదురుచూస్తున్న. మీరు కొత్తగా వాయించి రికార్డు చేస్తే ఆ రికార్డింగు మీది, ట్యూన్ మాత్రం వాళ్లదే. 1957 కాపీరైట్ చట్టంలో 31సి అని ఒక సెక్షన్ ఉన్నది, 2012ల చేర్చిన్రు. పాట మొదట రికార్డైన ఏడాది పోయినంక అయిదేళ్లు దాటితే వేరేటోళ్లు మళ్ల వాయించి రికార్డు (కవర్) చేసుకోవచ్చు, ముందే నోటీసు ఇచ్చి రాయల్టీ కట్టాలె. చిక్కు ఎక్కడంటే, ఒక్కో పాటకు ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన కట్టుమంటది. మీవి యాభై అమ్ముడుపోయినా సరే. ఇంకో షరతు, పాటల మార్పులు చెయ్యొద్దు, సాంకేతికంగ తప్పనిసరైనవి తప్ప. మీరు కొట్లాడుకుంటున్న స్పీడ్ మార్పు దాంట్లకు వస్తదా రాదా అన్నది కోర్టుల వాదించెటోనికి మంచి పండుగ.

నా సలహా, సెక్షన్ మీద పోవద్దు. హక్కుదారుకు లేకుంటే పబ్లిషర్‌కు నేరుగ రాసి లైసెన్సు అడగున్రి. ఊర్ల స్టేజీ మీద వాయించేటట్టయితే అది వేరే లైసెన్సు. ఒక పాట తేలికగ కావాలంటే టెట్రిస్ గేముది తీసుకోన్రి, నింటెండో చేతి మిషన్ గేమ్‌బాయ్‌ల వచ్చేది. దాని మూలం 19వ శతాబ్దం రష్యా జానపదం కొరొబెయినికి. గేముల చేసిన ఏర్పాటు కాకుండ జానపదం నుంచే మీరు సొంతంగ కట్టుకుంటే ఎవరికీ రూపాయి ఇయ్యక్కరలేదు.

ఊరికే_వచ్చిన
కాజీపేట బ్యాండ్ రష్యా జానపదానికి జనగామ డప్పు. ఈ ఆల్బమ్ నేను కొంట.

మెట్‌పల్లి_ప్రోగ్
నేను నా మాట మీదనే ఉన్న. డప్పు పెట్టుకోన్రి, రష్యా పెట్టుకోన్రి, స్పీడ్ 60దే ఉండాలె. 125ల కాంట్రా వింటే మెట్‌పల్లి నుంచి కోరుట్లకు పల్లెవెలుగు ఎక్కినట్టే ఉంటది.

కాజీపేట_బేస్
అందరికీ దండం. మేం నలుగురం కూసొని మాట్లాడుకున్నం. మారియో, అడ్వెంచర్ ఐలాండ్, బాంబర్‌మ్యాన్ అసలు స్పీడ్‌లనే వాయిస్తం. అవి హుషారు పాటలు, నెమ్మదైతే సప్పబడ్తయ్. కాంట్రా పాటలు రెండూ 125ల. మంచు స్టేజీకి జనగామ అన్న సిటికెన పుల్ల. మెట్‌పల్లి అన్నా, ఆల్బమ్ వచ్చినంక నువ్వు సాఫ్ట్‌వేర్‌ల స్పీడ్ పెంచుకొని విను, శ్రుతి మారకుండ పెంచే ఆప్షన్ ఉంటది.

కాంట్రా మధ్యల అసలు మిషన్ చప్పుడు కూడా కొన్ని సెకన్లు కలపాలని ఉంది. క్లోన్‌ది, యూఎంసీ చిప్పుది. ఎవరిదగ్గరన్న నడిచే మిషన్ ఉన్నదా?

హన్మకొండ_శీను
నా దగ్గర ఉంది. అటక మీద. అడాప్టర్ లేదు. ఇంట్ల 9 వోల్టుల గిటార్ పెడల్ అడాప్టర్ ఉంటది కదా మీ దగ్గర, దానితోని పెట్టొచ్చా?

టీవీ_మెకానిక్_కరీంనగర్
ఆగు, పెట్టకు. పిన్ పట్టినంత మాత్రాన పెట్టొద్దు. పెడల్ అడాప్టర్లకు మామూలుగ నడుమ మైనస్ ఉంటది. క్లోన్లల్ల ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. మిషన్ అడుగున పిన్ బొమ్మ గీసి ప్లస్ ఎటో మైనస్ ఎటో ఉంటది, దాని ఫొటో ఇక్కడ పెట్టు. ఎన్ని మిల్లీఆంపులు కావాలో కూడా చూడు, చిన్న పెడల్ అడాప్టర్ ఆనకపోవచ్చు. ఫొటో చూసినంక చెప్త.

హన్మకొండ_శీను
స్టిక్కర్ చిరిగిపోయింది, సగమే కనపడ్తుంది. అదే పెట్టన్నా?

టీవీ_మెకానిక్_కరీంనగర్
వద్దు. మల్టీమీటర్ ఉంటే మిషన్ ఇప్పి, రెగ్యులేటర్ నడిమి కాలు నుంచి అడాప్టర్ పిన్ బయటి రేకు దాంక కంటిన్యుటీ చూడు. నడుమ డయోడ్ ఉంటే మీటర్ మోగకపోవచ్చు. మోగితే బయటిది గ్రౌండ్, నడుమ ప్లస్ కావాలె, పెడల్ అడాప్టర్ పనికిరాదు. మీటర్ లేకుంటే కాజీపేట తమ్మునితోని పంపు, నేనే చూస్త.